బల్గేరియా ‘ఇస్పొలిన్’ని తెలుగులో ఏమనాలి? ‘రాక్షసుడు’ అంటే కథ పాడవుతోంది

ప్రశ్న: డాబా కథల అత్తయ్య, విజయవాడ

నమస్కారమండీ. మాది మొగల్రాజపురం. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ డాబా మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెబుతుంటాను. పదిమంది దాకా వస్తారు. మన కథలు చాలా అయ్యాయని ఈ మధ్య బయటి దేశాల జానపద కథలు చదివి చెబుతున్నాను. అలా బల్గేరియా వాళ్ల ‘ఇస్పొలిన్’ల దగ్గర ఆగిపోయాను.

కథ ఇదండీ. దేవుడు ముందు మరుగుజ్జుల్ని చేశాడు. వాళ్లు మరీ చిన్నవాళ్లు, ఈ భూమ్మీద బతుకు వాళ్ల వల్ల కాలేదు. అప్పుడు ఇస్పొలిన్లని చేశాడు. వాళ్లు మరీ పెద్దవాళ్లయిపోయారు. ఆ తరవాతే మనల్ని చేశాడు. ఇస్పొలిన్లు కొండల్లో ఉండేవాళ్లు, పచ్చి మాంసం తినేవాళ్లు, డ్రాగన్లతో పోట్లాడేవాళ్లు. ఒక కొండ మీద నించుని పిలిస్తే ఇంకో కొండ మీదున్నవాడు పలికేవాడు. కొందరికి ఒకే కన్ను, కొందరికి ఒకే కాలు, కొందరికి మూడు తలలు. ఇంత బలం ఉన్నవాళ్లకి భయం దేనికంటే ఒక ముళ్లపొదకి! నల్లటి పళ్లు కాస్తుందే, బ్లాక్‌బెర్రీ, దానికి. అందులో కాలు చిక్కుకుంటే పడి చచ్చిపోతామని ఆ పొదకే బలులు ఇచ్చేవాళ్లట.

పోయిన వారం ‘రాక్షసులు’ అనే చెప్పాను. కథ మొదలుపెట్టి రెండు నిమిషాలు కాలేదు, రెండో తరగతి పిల్ల లేచి “వాళ్లని ఎవరు చంపారు అత్తయ్యా?” అంది. నాకు నోట మాట రాలేదు. ఎవరూ చంపలేదు కదా! రాక్షసుడు అన్నానంటే వెనకాలే ఒక రాముడో దుర్గమ్మో రావాలి. పైగా మేమున్నది అమ్మవారి కొండ ఉన్న ఊళ్లో. వాళ్ల తప్పేముంది?

ఇంకో మాట. ఎత్తు మూడు మీటర్లు, ఆపైన అని చదివాను. అంటే పది అడుగులు. టేపు పెట్టి చూస్తే మా హాలు స్లాబు అంత. పిల్లలు “అంతేనా, తలకి ఫ్యాను తగులుతుంది, అంతేగా” అని నీరసపడ్డారు. వాళ్లకి ఈ ఎత్తు గొప్పగా తోచేలా ఎలా చెప్పాలి? ‘రాక్షసుడు’కి బదులు ఏ మాట వాడాలి? వచ్చే ఆదివారం లోపు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: గుంటూరు బ్రాడీపేట

‘కొండమనుషులు’ అనండి మేడమ్. కొండల్లో ఉంటారు, కొండంత ఉంటారు. రెండూ కలిసొస్తాయి.

నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెబుతాను. బైబిల్లో ఆదికాండం ఆరో అధ్యాయం నాలుగో వచనంలో, జలప్రళయానికి ముందు భూమ్మీద ఉన్న మహాకాయుల మాట వస్తుంది. మన తెలుగు బైబిల్లో ‘నెఫీలులు’ అని హీబ్రూ మాటే ఉంచేశారు. బల్గేరియన్ బైబిల్లో అదే చోట ‘ఇస్పొలిన్లు’ అని ఉంటుంది. వాళ్లకి ఆ మాట అప్పటికే జనం నోట్లో ఉంది, మనకి సరిపోయే మాట దొరకలేదు. మీకొచ్చిన ఇబ్బంది మన అనువాదకులకీ వచ్చిందన్నమాట.

జవాబు: తెనాలి మాస్టారు

అమ్మా, నీ రెండో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. మాటని ఎలా తూచాలో ఆ పిల్ల మనకి చూపించింది. రాక్షసుడు, అసురుడు, దైత్యుడు, ఈ మూడింటికీ ఎదురుగా ఒక దేవుడు నిలబడి ఉంటాడు. ‘భూతం’ అంటే చచ్చినవాడు. ‘ఆజానుబాహువు’ అంటే చేతులు పొడుగు, పైగా అది పొగడ్త. ‘మహాకాయుడు’ అర్థానికి సరిపోతుంది కానీ డాబా మీద పిల్లలకి బరువు.

నా సలహా ‘పెనుమనిషి’. పెనుగాలి, పెనుబాము, పెనుచీకటి అంటున్నాం కదా. ‘పెను’లో పెద్దదనం ఉంది, కొంచెం భయం ఉంది, పాపం మాత్రం లేదు. ‘మనిషి’ అన్నాం గనక మనవాడే అవుతాడు. ఆ కథలో ఇస్పొలిన్ మనకి ముందు పుట్టిన అన్నలాంటివాడే కదా.

బ్రాడీపేట సోదరుడు చెప్పిన ‘కొండమనుషులు’ వద్దు నాయనా. ఆ మాట వినగానే పిల్లలకి గిరిజనులు గుర్తుకొస్తారు. పచ్చి మాంసం, ఒంటికన్ను వాళ్లకి అంటగట్టినట్టవుతుంది.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. ‘ఇస్పొలిన్’ అనే మాటే ‘స్పాలి’ అనే ఒక పాత జాతి పేరు నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. గోత్‌లనే పాత జర్మానిక్ జాతివాళ్లు వాళ్లని ఓడించారని ఆరో శతాబ్దంలో యోర్దానెస్ అనే చరిత్రకారుడు రాశాడు. బల్గేరియాలోనే కొన్ని చోట్ల ఈ మహాకాయుల్ని ‘ఎలిన్లు’ అంటారు, అంటే గ్రీకులు. పక్కింటి జాతి కొన్ని తరాలు గడిచేసరికి కథలో పదడుగుల మనిషైపోతుంది.

ఇక ఎత్తు సంగతి. కృతయుగంలో మనిషి ఇరవై ఒక్క మూరలు, త్రేతలో పద్నాలుగు, ద్వాపరంలో ఏడు, కలిలో మూడున్నర అని మన పెద్దవాళ్లు లెక్క చెబుతారు. మూర అడుగున్నర. ఏడు మూరలంటే పదిన్నర అడుగులు! అంటే ఇస్పొలిన్, మన భీముడు ఎదురుపడితే ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు తలెత్తకుండా చూసుకుంటారు. పిల్లలతో ఈ మాట చెప్పు, ఫ్యాను సంగతి మర్చిపోతారు.

ఒక తేడా కూడా గమనించు. మన లెక్కలో మనిషి యుగయుగానికీ తరిగిపోతాడు. చివరికి వంకాయ కోయడానికి నిచ్చెన వేసుకుంటాడని మా నాయనమ్మ చెప్పేది. వాళ్ల కథలో తరగడం లేదు. ఒకసారి చిన్నగా, ఒకసారి పెద్దగా చేసి చూసి, మూడోసారికి దేవుడికి చెయ్యి కుదిరింది. నేనైతే ఇక్కడ కాసేపు ఆగి చెబుతాను.

జవాబు: బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో చదువుకుంటున్న గుంటూరు అమ్మాయి

ఆంటీ, నేను ఇక్కడ మెడిసిన్ మూడో సంవత్సరం. ఆ ముళ్లపొదని ఇక్కడ ‘కపినా’ అంటారు. ఊరు దాటితే బాటల పక్కన అదే. ఇస్పొలిన్లు ఎందుకు భయపడ్డారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ పడ్డాను. దాని కొమ్మ నిటారుగా పెరగదు. విల్లులా వంగి, కొస నేలకి తగిలిన చోట మళ్లీ వేరు పోసుకుంటుంది. అంటే రెండు వైపులా నేలలో పాతుకున్న ఉచ్చు అన్నమాట. ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగినకొద్దీ దిగుతాయి. మన పరికి కంప ఎలా పట్టుకుంటుందో అలా. పిల్లలకి ఒక తాడు రెండు చివర్లూ పట్టుకుని వంచి చూపిస్తే చాలు, పెద్ద అడుగులు వేసేవాడు ఎలా బోర్లాపడతాడో వాళ్లకే తెలుస్తుంది.

ఇక్కడి మైదానాల్లో మట్టి దిబ్బలు చాలా కనిపిస్తాయి. పాతకాలంలో వాటిని ఇస్పొలిన్ల సమాధులు అనుకునేవాళ్లు. నిజానికి చాలా వాటిలో ఉన్నవి పూర్వం ఇక్కడ ఉన్న థ్రేసియన్లనే జాతివాళ్ల సమాధులు. కజాన్‌లక్ అనే ఊళ్లో 1944లో సైనికులు తవ్వుతుంటే గోడల నిండా రంగుల బొమ్మలున్న సమాధి బయటపడింది.

ఇక్కడి వీరగాథల్లో వచ్చే క్రాలి మార్కోని మాత్రం వీళ్లలో కలపకండి ఆంటీ. ఆయన నిజంగా ఉన్న రాజు. ప్రిలెప్ కోట ఆయనది, 1395లో రొవినే యుద్ధంలో చనిపోయాడు. పాటల్లో మాత్రం బలశాలి అయిపోయాడు. ‘సమోవిలా’ అనే వనదేవత పిల్లలు ఎండలో ఉంటే మార్కో నీడ కల్పించాడని, అందుకు ఆమె తన పాలిచ్చిందని, బలం అలా వచ్చిందని చెబుతారు. ఆ బలం చూసుకుని గర్వపడితే, ఒక ముసలాయన చిన్న సంచీ ఇచ్చి ఎత్తమన్నాడు. అందులో భూమి బరువంతా ఉంది. అక్కడితో ఆయన బలం పోయింది. ఇది విన్నప్పుడు నాకు హనుమంతుడి తోక ఎత్తలేకపోయిన భీముడే గుర్తొచ్చాడు.

ఈ ఊళ్లో ఏడు కొండలుండేవి. మార్కో పేరున్న కొండని రాయి కోసం కొట్టి కొట్టి పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఆ చోట షాపింగ్ మాల్ ఉంది, దానికీ ఆయన పేరే. నేను సరుకులు అక్కడే కొనుక్కుంటాను. వెళ్లినప్పుడల్లా మన వైపు క్వారీలు గుర్తొస్తాయి.

జవాబు: డాబా కథల అత్తయ్య

అందరికీ నమస్కారాలు. మాస్టారూ, ‘పెనుమనిషి’ అనే చెప్పాను. మొదట ఒక్కసారి ‘ఇస్పొలిన్ అనే పెనుమనిషి’ అన్నాను, ఆ తరవాత పిల్లలే ‘ఇస్పొలిన్’ అనేశారు. ఈసారి ఎవరు చంపారని ఎవరూ అడగలేదు. తాడు ఆట కూడా ఆడించానమ్మా ప్లోవ్‌దివ్ తల్లీ. ఇద్దరు తాడు పట్టుకుంటే, ఇంట్లో నాన్నగారి చెప్పులు వేసుకొచ్చిన అబ్బాయి పెద్ద అడుగులు వేసి పరుపు మీద పడ్డాడు.

మా డాబా నుంచి గుణదల కొండ కనిపిస్తుంది. పిలుపు కథ అవగానే పిల్లలంతా పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి అటు తిరిగి “ఓ” అని అరిచారు. కింద ఫ్లాట్ల వాళ్లు బయటికొచ్చి చూశారు. అరిచాక అందరూ చప్పుడు చేయకుండా నిలబడ్డారు, బదులు వస్తుందేమోనని. ఆ రెండో తరగతి పిల్ల అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది. కిందికి దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “వాళ్లు చనిపోయారని మరుగుజ్జులకి తెలుసా అత్తయ్యా?” అని అడిగింది.

మాస్టారూ, దీనికి నేనేం చెప్పాలి?