లోన్ యాప్ బాధితులు ఇంటర్వ్యూకి దొరకట్లేదు: ఎక్కడ వెతకాలి?

గోదారోడు: పీహెచ్‌డీ కోసం లోన్ యాప్ వేధింపులు పడ్డవాళ్లతో మాట్లాడాలి. ఫేస్‌బుక్ పోస్టుకి లైకులే గానీ మనుషులు రావట్లేదు. పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఏం రాయాలి? తలా 500 ఫోన్‌పే చేద్దామనుకుంటున్నా.

శాస్త్రిగారబ్బాయి: పోస్టులో గూగుల్ ఫారం లింకు పెట్టారా? ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా దించుకునే యాప్ ఫైలు) లింకు నొక్కి మునిగినవాళ్లు ఇంకో లింకు నొక్కుతారా! యూనివర్సిటీ సైట్లో పేజీ, గైడు పేరు, డిపార్ట్‌మెంట్ ల్యాండ్‌లైన్ పెట్టండి. ఫారంలో 'ఒక్కసారే జవాబు' ఆపేయండి. అది ఉంటే లాగిన్ అడుగుతుంది, జనం అక్కడే ఆగిపోతారు.

సర్వేశ్వరి: ఫోన్‌పేనా? యూపీఐలో బ్యాంకులో ఉన్న అసలు పేరు కనబడుతుంది. సమ్మతి పత్రంలో 'మీ పేరు అడగం' అని రాసి, ఇదేం పని? వోచర్ కోడ్ ఇవ్వండి.

గుంటూరు_గణాంకం: వోచర్ అనగానే దొంగ బాధితులు దిగుతారు. ఒకే వాక్యం కాపీ కొట్టిన ఫారాలు వరసగా వచ్చి పడతాయి. పోస్టరులో డబ్బు మాట ఎత్తొద్దు. కెమెరా ఆన్ చేయిస్తే సగం వడపోత అయిపోతుంది.

సర్వేశ్వరి: మార్ఫింగ్ ఫొటోలతో బెదిరించారు వాళ్లని. మీరు కెమెరా పెట్టమంటారా? బుద్ధుండే అంటున్నారా?

గుంటూరు_గణాంకం: మాట తిన్నగా రానివ్వండి మేడం. దొంగని ఎలా పడతారో మీరే చెప్పండి మరి.

సర్వేశ్వరి: 'చేతికెంత వచ్చింది, ఎంత కట్టమన్నారు, ఎన్నాళ్లలో' అని అడగండి. తీసుకున్నవాళ్లయితే ముందే కోసుకున్న ఫీజు, వారం గడువు వాళ్లే చెప్తారు.

యాప్_పురాణం: ఈ రంగంలో నన్ను మించి తవ్వినవాళ్లు ఇక్కడ లేరు గానీ, ఏ ఏడాది, ఎక్కడి నుంచి దించారో ఎవరూ అడగట్లేదే! 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లో పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదు. ముందువాళ్లనీ తర్వాతవాళ్లనీ కలిపేస్తే శాంపిల్ కిచిడీయే.

గోదారోడు: ఎథిక్స్ కమిటీ సంగతి? ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకుంటానని రాస్తే చాలా?

శాస్త్రిగారబ్బాయి: వాళ్ల స్నేహితుల నంబర్లు మాత్రం అడక్కండి. కాంటాక్టులు లాక్కున్న యాప్ చేసిందీ అదేగా. మీ నంబరే ఇవ్వండి, ఇష్టమైనవాళ్లు పంచుతారు. వాట్సాప్ గ్రూపు పెడితే ఒకరి నంబర్లు ఒకరికి తెలిసిపోతాయి, వద్దు.

వకీలుసాబ్: 'అంతా రహస్యం' అని హామీ ఇచ్చేయకండి. లాయరుకున్న రక్షణ మన చట్టంలో పరిశోధకుడికి లేదు, కోర్టు అడిగితే రికార్డింగ్ ఇవ్వాల్సి రావచ్చు. 18 లోపు పిల్లల అశ్లీల మార్ఫింగ్ బయటపడితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 కింద పోలీసులకి చెప్పి తీరాలి. ఇంటర్వ్యూ మొదలవకముందే ఈ మాట చెప్పండి.

గుంటూరు_గణాంకం: సరే, కెమెరా మాట వెనక్కి. ముందు మీ నంబరు ట్రూకాలర్‌లో ఎర్రగా స్పామ్ అని పడుతోందేమో చూసుకోండి. కాల్ చేసేముందు మెసేజ్ పెట్టండి, తెలియని నంబరు మోగితేనే హడలిపోతారు వాళ్లు.