లేఅవుట్ బగ్గీని మెట్రో స్టేషన్ దాకా తీసుకెళ్తే తప్పేంటి?

వైట్‌ఫీల్డ్_విల్లా
మాది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో హోప్‌ఫార్మ్ దగ్గర విల్లా లేఅవుట్. అసోసియేషన్ డబ్బులతో ఆరు సీట్ల బ్యాటరీ బగ్గీ కొన్నాం, గోల్ఫ్ కోర్సుల్లో తిరిగే రకం. అమ్మకి 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్రో మా గేటు నుంచి 900 మీటర్లు. ఆ దూరానికి ఆటోవాళ్లు రారు, వస్తే వంద అడుగుతారు. నిన్న బగ్గీలో దింపి వస్తుంటే ట్రాఫిక్ పోలీసు ఆపి నంబరు ప్లేటు ఏదన్నాడు. 20 కిలోమీటర్ల స్పీడు దాటని బండికి నంబరు ప్లేటేంటి? లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదని అమ్మినతను కూడా చెప్పాడు. రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి.

రూల్_బుక్
మోటారు ఎన్ని వాట్లు?

వైట్‌ఫీల్డ్_విల్లా
వాట్లతో పనేంటండీ, స్పీడు చెప్పాను కదా.

రూల్_బుక్
స్పీడొక్కటే చూస్తే సగం రూలే చదివినట్టు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) చూడండి. స్పీడు గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. మోటారు 30 నిమిషాల పవర్, అంటే అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి, 250 వాట్ల లోపు ఉండాలి. ఈ రెండూ టెస్టింగ్ ఏజెన్సీ తేల్చాలి. అప్పుడే అది మోటారు వాహనం కాదంటారు. నంబరు ప్లేటు లేకుండా డెలివరీ కుర్రాళ్లు తిరిగే చిన్న స్కూటర్లు ఆ లెక్కలోవి. మీ వంటింట్లో మిక్సీయే 500 వాట్ల పైన ఉంటుంది. ఆరుగురిని మోసే బగ్గీ 250 వాట్లతో కదులుతుందా? అందుకే అడిగాను.

అత్తిలి_అబ్బాయి
మా మిక్సీ 750. రేపటి నుంచి దాని మీదే ఆఫీసుకి.

అట్లాంటా_రిటర్న్
అమెరికాలో ఇది ఎప్పుడో తేల్చేశారు. 1998లోనే ‘లో స్పీడ్ వెహికల్’ అని వేరే కేటగిరీ పెట్టారు. టాప్ స్పీడు 20 నుంచి 25 మైళ్లు, అంటే మన లెక్కలో 32 నుంచి 40 కిలోమీటర్లు. జార్జియాలో పీచ్‌ట్రీ సిటీ అనే ఊళ్లో జనం కూరగాయలకి కూడా గోల్ఫ్ కార్టులోనే వెళ్తారు. మన దగ్గరే ప్రతిదానికీ అడ్డు.

రూల్_బుక్
ఆ కేటగిరీ బండికి హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు, ముందు గాజు, సీటు బెల్టులు ఉండి తీరాలి. అది చెప్పలేదేం? పీచ్‌ట్రీ సిటీలో కార్టుల కోసమే విడిగా దారులున్నాయి. ఇక్కడ వెనకాల వాటర్ ట్యాంకర్ ఉంటుంది.

అట్లాంటా_రిటర్న్
బ్రదర్, నేను అక్కడ 11 ఏళ్లు ఉన్నాను. మీరు గూగుల్‌లో చదివారు.

రూల్_బుక్
11 ఏళ్లలో సీటు బెల్టు కనపడలేదా?

లక్ష్మి_ఫేజ్2
ట్యాంకర్ మాట నిజం. నేనూ అదే లేఅవుట్, ఆ బగ్గీలో ఒకసారి వెళ్లాను. తలుపుల్లేవు, పక్కన పట్టుకోడానికి ఒక గొట్టం. ట్యాంకర్ వెనక నుంచి హారన్ కొడితే మా అత్తగారు ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. చేతిలో సంచి జారిపోయి రోడ్డు మీద పడింది, ఆగి తీసుకునే వీల్లేదు. అసలు భయం లోపల ఉంది. ఫేజ్ 1లో 13 ఏళ్ల పిల్లాడు నలుగురు చిన్నపిల్లల్ని వేలాడదీసుకుని బగ్గీ తోలుతూ పాలు వేసే అబ్బాయి స్కూటర్‌ని గుద్దాడు. ఆ అబ్బాయి కాలు విరిగింది. ఇన్సూరెన్సు ఏదంటే, రిజిస్ట్రేషనే లేని బండికి ఇన్సూరెన్సు ఎక్కడిదన్నారు. మనిషికి ఇంతని చందా వేసి 12 వేలు చేతిలో పెట్టారు.

వైట్‌ఫీల్డ్_విల్లా
లక్ష్మిగారూ, ఆ పిల్లాడిది వేరే విషయం. వాళ్ల నాన్నకి నోటీసు ఇచ్చాం.

రూల్_బుక్
వేరే విషయం కాదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక సెక్షన్ 199ఎ కింద మైనర్ నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా. యజమాని అంటే ఇక్కడ మీ అసోసియేషన్. వాట్లు ఇంకా చెప్పలేదు.

వైట్‌ఫీల్డ్_విల్లా
చట్టం నాకూ చదవడం వచ్చు. 1988 మోటారు వాహనాల యాక్ట్ సెక్షన్ 2(28)లో ఆవరణ లోపల తిరిగే ప్రత్యేక వాహనం మోటారు వాహనం కాదని ఉంది. మాకు కాంపౌండ్ గోడుంది, గేటుంది, సెక్యూరిటీ ఉంది. ఇంకేం కావాలి?

రూల్_బుక్
ఆవరణ లోపల ‘మాత్రమే’ తిరగాలని ఉంది. ఆ మాట మింగేశారు. గేటు దాటి మెట్రోకి వెళ్లాక ఇంకా ఆ మినహాయింపేంటి?

పక్కసందు
గేటు లోపల మాత్రం ప్రైవేటు అని ఎవరన్నారు? లేఅవుట్ ప్లాను పాస్ అయ్యేటప్పుడు రోడ్లు, పార్కులు రిలింక్విష్‌మెంట్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) కింద ప్లానింగ్ అథారిటీకి రాసిచ్చేస్తారు. అలా ఇచ్చేశాక అవి జనం రోడ్లేనని, మూసే హక్కు లేదని కర్ణాటక హైకోర్టు కూడా చెప్పింది. అదే యాక్ట్ 2(34) ప్రకారం జనానికి వెళ్లే హక్కున్న ప్రతి దారీ పబ్లిక్ ప్లేసే. అంటే మీ బగ్గీకి మీ ఇంటి ముందు కూడా ప్లేటు కావాలి.

వైట్‌ఫీల్డ్_విల్లా
మా రోడ్లు మేం ఊడ్పించుకుంటున్నాం, లైట్లు మేం వేయించుకుంటున్నాం. నీకెందుకు అంత బాధ?

పక్కసందు
‘నువ్వు’ అనకండి. బాధ ఎందుకో చెప్తా. మా పిల్లలు మీ లేఅవుట్లోంచి నాలుగు నిమిషాల్లో స్కూలు బస్సు దగ్గరికి వెళ్లేవాళ్లు. రెండేళ్ల కిందట గేటు పెట్టారు. ఇప్పుడు మెయిన్ రోడ్డు చుట్టి, ఫుట్‌పాత్ లేని చోట, అదే ట్యాంకర్ల పక్కన 20 నిమిషాలు నడుస్తున్నారు. సెక్యూరిటీ అతను మా చిన్నదాన్ని ‘ఆధార్ ఉందా’ అని అడిగాడు. దానికి తొమ్మిదేళ్లు.

వైట్‌ఫీల్డ్_విల్లా
అలా చెప్పండి. మీ గొడవ బగ్గీ కాదు, గేటు.

పక్కసందు
గేటే. మీ అమ్మగారికి 900 మీటర్లు కష్టమే, కాదనను. మాకు మాత్రం దారి ప్రైవేటు, మీ బగ్గీకి ఊళ్లో రోడ్డంతా సొంతం. ఇదెక్కడి న్యాయం?

లక్ష్మి_ఫేజ్2
ఆధార్ అడిగిన సంగతి నాకు తెలీదండీ. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గేటు తీద్దామని పోయిన మీటింగ్‌లో నేనే అన్నాను. ఆ తర్వాత చర్చంతా బగ్గీ కవర్ ఏ రంగు ఉండాలన్న దాని మీదే నడిచింది.

అత్తిలి_అబ్బాయి
ఏ రంగు ఖాయం చేశారు?

లక్ష్మి_ఫేజ్2
మెరూన్.

వైట్‌ఫీల్డ్_విల్లా
దొంగతనాలు జరిగాకే గేటు పెట్టాం, సరదాకి కాదు. పిల్లల కోసం పొద్దున తీయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నేనొక్కణ్ణి తేల్చేది కాదు.

రూల్_బుక్
వాట్లు?

వైట్‌ఫీల్డ్_విల్లా
సీటు కింద స్టిక్కర్ చూశాను. 4 కిలోవాట్లు. ఇక పడుకోండి.