రోగి అనుభవం, జీవన నాణ్యత: పాల్ క్లియరీ పరిశోధనపై ఒక సందేహం

ప్రశ్న (ప్రజారోగ్య విద్యార్థిని):
యేల్ విశ్వవిద్యాలయ ప్రజారోగ్య విభాగానికి 2006 నుంచి 2017 వరకు డీన్‌గా ఉన్న పాల్ క్లియరీ గారి రచనలు చదువుతున్నాను. రోగి అనుభవాన్ని కొలవడమంటే రోగి సంతృప్తిని అడగడమే కదా, మరి ఈ రెంటినీ ఆయన ఎందుకు వేరుగా చూస్తారు? జీవన నాణ్యతపై ఆయన రాసినవాటిలో ఏది చదవాలి?

జవాబు 1 (ఆసుపత్రి నాణ్యతా విభాగ ఉద్యోగి):
సంతృప్తి రోగి ముందుగా పెట్టుకున్న ఆశలను బట్టి మారుతుంది. తక్కువ ఆశించినవారు నాసిరకం సేవకు కూడా మంచి మార్కులే వేస్తారు. అందుకే క్లియరీ గారు ముఖ్యపాత్ర వహించిన కాప్స్ (CAHPS, వైద్యసేవల్లో రోగుల అనుభవాన్ని అడిగే అమెరికా ప్రశ్నావళులు) సర్వేలలో, వైద్యులు అర్థమయ్యేలా ఎంత తరచుగా వివరించారని అడిగి, ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘ప్రతిసారీ’ వరకు ఎంచుకోమంటారు. ఏది సరిదిద్దుకోవాలో మాకు తెలిసేది అటువంటి జవాబులతోనే. అమెరికాలో ఆసుపత్రుల వారీ ఫలితాలను 2008 నుంచి బహిరంగంగా ప్రకటిస్తున్నారు.

జవాబు 2 (వైద్యుడు):
జీవన నాణ్యత విషయంలో, వైద్య పరిశోధకుడు ఐరా విల్సన్ గారితో కలిసి క్లియరీ గారు 1995లో ప్రచురించిన నమూనాను (మోడల్) తప్పక చదవండి. శరీరంలోని జీవక్రియలు, రోగలక్షణాలు, పనులు చేసుకోగల శక్తి, తన ఆరోగ్యంపై రోగికి ఉన్న అంచనా, మొత్తం జీవన నాణ్యత అనే 5 అంచెలను అది కలుపుతుంది. ఈ దారిలో కుటుంబం, ఆర్థిక స్థితి, మనస్తత్వం కూడా ప్రభావం చూపుతాయి. రక్తంలో చక్కెర అదుపులోనే ఉన్నా, పాదాల మంటతో రాత్రంతా నిద్రపట్టని మధుమేహ రోగిని ల్యాబ్ రిపోర్టు చూసి బాగున్నారనడం నా దృష్టిలో అన్యాయం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నా ప్రశ్నావళిలోని ‘సంతృప్తి చెందారా?’ అన్న ప్రశ్నలను ‘ఎంత తరచుగా’ అని అడిగే పద్ధతిలో మార్చి రాస్తాను.