అప్‌డేట్: పచ్చిక మధ్య అంత పెద్ద చర్చి ఎందుకుందో తెలిసింది

జర్మనీలో, బవేరియాలోని వీస్ అనే చిన్న పల్లెలో, ఆవులు మేసే పచ్చిక మధ్య అంత పెద్ద చర్చి ఎందుకు కట్టారని మొన్న అడిగాను కదా, వెళ్లి చూసొచ్చాను. అంతటికీ మూలం ఒక్క విగ్రహం. 1730లో స్టైన్‌గాడెన్ మఠం వాళ్లు గుడ్ ఫ్రైడే ఊరేగింపు కోసం చెక్క ముక్కలు కలిపి, గుడ్డ అంటించి, రంగులేసి చేసిన, కొరడా దెబ్బలు తిన్న క్రీస్తు. ఆ నెత్తురు చూడలేక కొన్నేళ్లకే పక్కన పెట్టేస్తే అది ఒక రైతు ఇంటికి చేరింది, 1738 జూన్ 14న ఆ ఇంటావిడ మరియా లోరికి దాని మొహం మీద కన్నీళ్లు కనిపించాయట. ఇక జనమే జనం! 1745లో డొమినికుస్ జిమ్మర్‌మన్ అనే వాస్తుశిల్పి ఈ చర్చి కట్టడం మొదలుపెట్టాడు, పైకప్పు బొమ్మలు వాళ్లన్నయ్యవి. ఆ విగ్రహం ఇప్పటికీ బలిపీఠం మీదే ఉంది, గొలుసులతో సహా. నేను కదల్లేకపోయాను. జిమ్మర్‌మన్ కూడా చర్చి పక్కనే ఇల్లు కట్టుకుని, 1766లో అక్కడే కన్నుమూశాడు.