గురకకు మత్తిచ్చి ఎండోస్కోపీ: సీపాప్ కంటే ముందా, తర్వాతా?

అలిపిరి రోడ్డు: స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 34 వచ్చిన మనిషికి, సీపాప్ (మాస్కుతో గొంతులోకి గాలి నెట్టే మిషన్) ఇంకా పెట్టకముందే డైజ్ చెయ్యాలంటున్నారు, అంటే మత్తులో గొంతు చూసే ఎండోస్కోపీ. అవసరమా?

ఈఎన్‌టీ, తిరుపతి: ఇప్పుడే వద్దు. 30 దాటితే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, తీవ్రంగా ఉన్నట్టే, మొదటి చికిత్స సీపాపే. డైజ్‌లో ఏం కనబడినా రేపు పెట్టేది ఆ మిషనే అయితే మత్తెందుకు? సీపాప్ పడకపోతేనో, ఆపరేషన్ అనుకుంటేనో మాత్రం చేసి తీరాలి. మెలకువలో చూసి అంగిలి కోసేస్తే, నాలుక మొదట్లో ఉన్న అడ్డు అలాగే ఉండిపోతుంది.

మత్తు డాక్టరు, చిత్తూరు: చేసి తీరాలంటున్నారు సరే సార్, మత్తు ఎలా ఇస్తున్నారన్నది అసలు సంగతి. ప్రొపోఫాల్ మత్తుమందు మొత్తం ఒకేసారి బోలస్‌గా కొడితే కండరాలన్నీ వదిలేస్తాయి, ఉత్త గురక మనిషికీ గొంతు మూసుకున్నట్టే కనబడుతుంది. టీసీఐ పంపు (ఒంట్లో మందు ఎంత ఉండాలో లెక్కగట్టి ఎక్కించేది) మీద మిల్లీలీటరుకు 1.5 నుంచి 2 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టి, 0.2–0.5 చొప్పున పెంచుతూ, మధ్యలో ఆగి చూడాలి. పిలిస్తే పలక్కూడదు, గురక మొదలవ్వాలి. అప్పుడే స్కోప్. ఉమ్మి తగ్గించే గ్లైకోపైరోలేట్ ముందే ఇవ్వకపోతే ఉమ్మి లెన్సుకు అడ్డం, పైగా దగ్గు. సక్షన్ పెడితే మనిషి లేస్తాడు, మళ్ళీ మొదటికొస్తుంది.

నిద్ర ల్యాబ్: ఎంత జాగ్రత్తగా ఇచ్చినా ప్రొపోఫాల్‌లో రెమ్ నిద్ర (కలలొచ్చే దశ) రాదండీ. రెమ్‌లోనే ఊపిరి ఆగే కేసుల్లో ఆ కాసేపు చూసింది నమ్మి కత్తి పట్టడం నాకు నచ్చదు.

ఈఎన్‌టీ, తిరుపతి: రెమ్ రాదు, నిజమే. కానీ స్లీప్ స్టడీ ఎన్నిసార్లు ఆగిందో చెబుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు కదా మేడమ్. ‘గొంతు మూసుకుంది’ అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు మాత్రం చిత్తు కాగితమే. 2011లో వచ్చిన వోట్ పద్ధతిలో అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం మీద మూతలాంటిది), నాలుగింటికీ 0 (మూసుకోలేదు), 1 (కొంత), 2 (పూర్తిగా) విడివిడిగా వెయ్యాలి. ఏ దిక్కున మూసుకుందో రాయాలి. అంగిలి నలువైపులా పూర్తిగా మూసుకుంటే నాలుక నరానికి పెట్టే స్టిమ్యులేటర్ సాధారణంగా సరిపడదు. ఎపిగ్లాటిస్ వెనక్కి పడే వాళ్ళకి సీపాప్ గాలే దాన్ని ఇంకా నొక్కేయొచ్చు. కింది దవడ ఓ 5 మిల్లీమీటర్లు ముందుకు లాగి, మనిషిని పక్కకు తిప్పి కూడా చూడండి. దారి తెరుచుకుంటే దంతాల పరికరంతోనో, పక్కకు పడుకోవడంతోనో పనవ్వొచ్చు.

అలిపిరి రోడ్డు: క్లినిక్ గదిలో చేయించుకోవచ్చా?

మత్తు డాక్టరు, చిత్తూరు: వద్దు. స్కోప్ పట్టినాయనే మత్తు కూడా చూసుకుంటానంటే అక్కడినుంచి లేచి రండి. వేరే మత్తు డాక్టరు, ఆక్సిజన్, ట్యూబు వేసే సామాను పక్కనే ఉండాలి. లావుగా, మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకి రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 80 శాతం కిందికి జారడం చూస్తుండగానే జరుగుతుంది.