డిస్నీ వెళ్లిపోయాక డాక్టర్ హూ: కొన్నేళ్లు ఆపాలా, చిన్నగానైనా నడపాలా?

నీలిపెట్టె:
చర్చ మొదలయ్యే ముందు జరిగింది ఒకచోట పెడతాను. 'డాక్టర్ హూ' బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ సిరీస్, కాలంలో తిరిగే డాక్టర్ అప్పుడప్పుడు రూపం మారి కొత్త నటుడిగా వస్తాడు. దీనికోసం 2022 అక్టోబరులో ప్రకటించిన డిస్నీ ప్లస్ ఒప్పందం 26 ఎపిసోడ్లతో అయిపోయింది. అనుబంధ సిరీస్ 'ది వార్ బిట్వీన్ ది ల్యాండ్ అండ్ ది సీ' ఐదు భాగాలూ అందులోవే. 2025 మే 31న వచ్చిన 'ది రియాలిటీ వార్' చివర్లో షూటి గాట్వా వేసిన డాక్టర్ రూపం మారి, 2005లో రోజ్ అనే పాత్ర వేసిన బిల్లీ పైపర్ మొహం కనిపించింది. అక్టోబరులో బీబీసీ, డిస్నీ ఇకపై భాగస్వామి కాదని చెప్పి, 2026 క్రిస్మస్‌కి, 2005లో సిరీస్‌ని తిరిగి తెచ్చిన రస్సెల్ టి డేవీస్ రాసే స్పెషల్ ప్రకటించింది.

నా వాదన: ఆ స్పెషల్ తర్వాత నాలుగైదేళ్లు ఆపేయాలి. 1989 డిసెంబరు 6న ఆగి 2005 మార్చి 26న తిరిగొచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ 'రోజ్'ని కోటికి పైగా జనం చూశారు. ఖాళీ ఉంటేనే ఆకలి పుడుతుంది. గత రెండు సీజన్ల ముగింపుల్లో విలన్లంతా పాతవాళ్లే: సుటెక్ 1975 నాటివాడు, రాణి 1985 నాటిది, ఒమేగా 1973 నాటివాడు. కొత్తగా చూసేవాడికి వీళ్లెవరో ఎలా తెలుస్తుంది?

అరవైమూడు_నుంచి:
నీలిపెట్టె గారూ, మీరు 1989ని విరామం అంటున్నారు. అప్పుడు విరామం అని ఎవరూ ప్రకటించలేదు, తర్వాతి సీజన్‌కి ఆర్డరు రాలేదంతే. పదహారేళ్ల మధ్యలో 1996లో ఒక టీవీ సినిమా తీసి అమెరికాలో ఫాక్స్ మీద వేస్తే, సిరీస్‌గా ముందుకు పోలేదు.

నిజంగా "కొంతకాలం ఆపి బలంగా వస్తాం" అన్నది 1985లో. సుమారు 18 నెలలు ఆపారు. ఏం వచ్చింది? ఆపకముందు 45 నిమిషాల ఎపిసోడ్లు 13, అంటే 585 నిమిషాలు. 1986లో తిరిగొచ్చింది 25 నిమిషాలవి 14, అంటే 350 నిమిషాలు. 1987 నుంచి దాన్ని పోటీ చానెల్లో బాగా ఆడే సీరియల్ 'కొరొనేషన్ స్ట్రీట్' ఎదురుగా వేశారు. 1989లో 'బ్యాటిల్‌ఫీల్డ్' మొదటి భాగాన్ని చూసింది 31 లక్షల మందే. ఆపినంత మాత్రాన ఆదరణ పెరగదు. ఏ వేళకి వేస్తున్నారు, ఎవరు నడుపుతున్నారు అన్నవి మారాలి. 2005లో ఆ రెండూ మారాయి.

మనం చూడాల్సింది 1970. 1968-69 సీజన్లో 44 ఎపిసోడ్లు. 1970కి 25కి తగ్గించారు, రంగుల్లోకి మారారు. డాక్టర్ని భూమికి ప్రవాసం పంపి, యూనిట్ అనే సైనిక దళాన్ని తోడుగా ఇచ్చారు. కొత్త గ్రహం అక్కర్లేదు, వారం వారం కొత్త వేషాలూ అక్కర్లేదు. నాలుగు భాగాల కథ ఒకటి, ఏడు భాగాల కథలు మూడు. ఒకసారి వేసిన సెట్టు ఏడు వారాలు ఆడింది. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి: ఏడు భాగాలంటే నడుమ సాగదీత తప్పదు, అందుకే మరుసటేడు ఆరుకు మించనివ్వలేదు. భూమ్మీదే ఉంటే అయితే గ్రహాంతరవాసుల దాడి, లేకపోతే పిచ్చి శాస్త్రవేత్త. 1973 'ది త్రీ డాక్టర్స్' చివర్లో ప్రవాసం ఎత్తేసే దాకా ఆ గొడవ తీరలేదు. అయినా సిరీస్ బతికింది.

స్కారో_గుమాస్తా:
కథల మాట సరే, డబ్బు లెక్క కూడా చూద్దాం. "డిస్నీ పోతే ఖర్చు పెట్టలేరు" అని రాసేవాళ్లు బ్రిటన్ పన్ను రాయితీని వదిలేస్తున్నారు. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. ప్రసార నిడివిలో గంటకి సగటున కనీసం 10 లక్షల పౌండ్ల కోర్ ఖర్చు ఉండాలి. కోర్ ఖర్చంటే షూటింగ్ ఏర్పాట్లు, షూటింగ్, పోస్ట్ ప్రొడక్షన్. కథ తయారీ, పంపిణీ రావు. 45 నిమిషాల స్లాటుకి ఆ గీత 7.5 లక్షలు.

ఉదాహరణకి ఎపిసోడ్ కోర్ ఖర్చు 20 లక్షల పౌండ్లు, అంతా బ్రిటన్‌లోనే అనుకోండి (అంకె నేను అనుకున్నదే, బీబీసీది కాదు). అందులో 80 శాతం వరకే లెక్కలోకి వస్తుంది, అంటే 16 లక్షలు. దాని మీద 34 శాతం చొప్పున 5,44,000. ఆ మొత్తం మీద 25 శాతం కార్పొరేషన్ పన్ను పోగా చేతికి మిగిలేది 4,08,000 పౌండ్లు. అయిదింట ఒక వంతు ఖర్చు వెనక్కి వచ్చినట్టు.

ఇంకోటి, 2025 జనవరి నుంచి బ్రిటన్‌లో చేయించే విజువల్ ఎఫెక్ట్స్ ఖర్చుకి 39 శాతం ఇస్తున్నారు, దానికి 80 శాతం పరిమితి లేదు. ఈ సిరీస్‌కి ఇంతకన్నా పనికొచ్చే మార్పు లేదు. కానీ జాగ్రత్త: పొదుపు పేరుతో సగటు ఖర్చు ఆ గీత కిందకి జారిందా, రాయితీ మొత్తం పోతుంది. అంటే అతి చవగ్గా తీయడం కూడా నష్టమే.

నీలిపెట్టె:
రాయితీ వచ్చేది ఖర్చు పెట్టాక కదండీ. ముందు పెట్టుబడి ఎవరు పెడతారు?

స్కారో_గుమాస్తా:
రాబోయే రాయితీని చూపించి అప్పు తేవడం ఆ పరిశ్రమలో మామూలే, వడ్డీ పడుతుంది. మిగతాది బీబీసీ ప్రసార హక్కుకి ఇచ్చేది, విదేశీ అమ్మకాల మీద ముందస్తుగా వచ్చేది. 2005లో కెనడా వారి సీబీసీ కూడా ఒక చెయ్యి వేసింది. ఒకే పెద్ద భాగస్వామి ఉంటే వాడు లేచిపోయిన రోజున మొత్తం ఆగిపోతుంది. చిన్నవాళ్లు ముగ్గురుంటే ఒకరు పోయినా బండి నడుస్తుంది.

బొమ్మల_ల్యాబ్:
అసలు ఖర్చు పెంచేది షూటింగ్ రోజులు, ఎఫెక్ట్స్ షాట్లు. ఈ రెండూ వదిలేసి "ఒక గదిలో కథ తీస్తే చవక" అంటే సగమే నిజం. నటుల పారితోషికం, సిబ్బంది రోజుకూలి గదిలో తీసినా పడతాయి. ఆదా అయ్యేది షూటింగ్ బృందం చోటు మారే రోజులు, ఎఫెక్ట్స్.

2006 నుంచి క్రిస్మస్ స్పెషల్‌తో కలిపి 14 ఎపిసోడ్లు 13కి సరిపడే సమయంలో తీయాల్సి వచ్చింది. ఏం చేశారు? రెండు షూటింగ్ బృందాలతో రెండు ఎపిసోడ్లు ఒకేసారి తీశారు. 2008లో 'మిడ్‌నైట్'లో డాక్టర్ ఉంటాడు, అతనితో తిరిగే డోనా దాదాపు ఉండదు. 'టర్న్ లెఫ్ట్'లో డోనా ఉంటుంది, డాక్టర్ దాదాపు ఉండడు. 'మిడ్‌నైట్' చాలావరకు ఒకే వాహనం లోపల, రాక్షసుడు కనిపించనే కనిపించడు. 'బ్లింక్' కూడా డాక్టర్ తక్కువున్న ఎపిసోడే. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు జనం ఇప్పటికీ తలుచుకునేవి అవే.

ఇవి వరసగా పెడితే మాత్రం సీజన్ మొత్తం ఇరుగ్గా అనిపిస్తుంది. ఆరు ఎపిసోడ్లుంటే రెండే ఇలాంటివి ఉండాలి, అవి కూడా పక్కపక్కన వద్దు. మిగిలిన ఎఫెక్ట్స్ డబ్బు మొదటిదానిలో, చివరిదానిలో పోయాలి.

ఇక వ్యవధి. 2005 సీజన్ షూటింగ్ 2004 జులైలో మొదలై, ఎనిమిది నెలలకి ప్రసారానికి వచ్చింది. 2025 సీజన్ ప్రధాన షూటింగ్ 2024 మేలో అయిపోయింది, ప్రసారం 2025 ఏప్రిల్‌లో. మధ్యలో దాదాపు ఏడాది గడిచిపోయింది. ఈలోగా ప్రేక్షకుల స్పందన చూసి సరిదిద్దుకునే వీలు లేదు, ఒక సీజన్ తప్పు ఇంకో సీజన్లోకి అలాగే పోతుంది. బడ్జెట్ తగ్గడంలో నాకు కనిపించే లాభం ఈ వేగం ఒక్కటే.

రెండు_గుండెలు:
అంతా బాగుంది, పైపర్ సంగతేంటి? ఆమె డాక్టరా, పాత రోజ్ పాత్రేనా, ఆ రోజ్‌కి శక్తులొచ్చినప్పటి రూపం బ్యాడ్ వుల్ఫా? టైటిల్స్‌లో "పరిచయం బిల్లీ పైపర్" అని ఆపేశారు, పాత్ర పేరు వేయలేదు. అది తేలకుండా ఎవరొచ్చినా ఎలా మొదలెడతారు?

అరవైమూడు_నుంచి:
మొదలెట్టొచ్చు. 2005లో అదే చేశారు. 1996 సినిమాలో పాల్ మెక్‌గాన్ డాక్టర్. 'రోజ్'లో క్రిస్టఫర్ ఎక్లెస్టన్ వచ్చేశాడు. మధ్యలో ఏమైందో ఒక్క మాట చెప్పలేదు. మెక్‌గాన్ ముగింపు 2013 నవంబరులో, ఏడు నిమిషాల 'ది నైట్ ఆఫ్ ది డాక్టర్'లో చూపించారు. ఎనిమిదేళ్లు ఎవరికీ ఆటంకం కాలేదు. 1996 సినిమా చేసిన పొరపాటు దీనికి సరిగ్గా తలకిందులు: పాత డాక్టర్‌తో మొదలుపెట్టి, అతన్ని చంపి, కొత్తవాడిని తెచ్చేసరికి అమెరికా ప్రేక్షకుడికి ఎవరిని పట్టుకోవాలో తెలియలేదు.

మొహం మళ్లీ రావడానికీ దారులున్నాయి. తర్వాత డాక్టర్ అయిన పీటర్ కపాల్డీ 2008లో పాంపే కథలో వేరే పాత్ర వేశాడు, ఆ మొహం ఎందుకు వచ్చిందో 2015లో చెప్పారు. 1979లో డాక్టర్ జాతికే చెందిన రొమానా రూపం మారుతూ, అంతకుముందు కథలోని ప్రిన్సెస్ ఆస్ట్రా మొహం తనే ఎంచుకుంది. పైపర్ కూడా 2013లో రోజ్ కాదు, 'ది మూమెంట్' అనే ఆయుధానికి రూపం. నన్నడిగితే స్పెషల్లో పదిహేను నిమిషాల్లో తేల్చి వదిలేయాలి. గంటంతా దానికే పెడితే మళ్లీ సుటెక్ కథే.

నీలిపెట్టె:
1970 ఉదాహరణ ఒప్పుకుంటాను, అది విరామం కన్నా గట్టిది. కానీ అప్పట్లో బీబీసీకి, టీవీ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్స్ ఫీజు మీద అనుమానం లేదు. బీబీసీ నడవడానికి ఆధారమైన ఇప్పటి చార్టర్ (రాజపత్రం) 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ తర్వాత ఆదాయం ఎలా వస్తుందో తేలకముందే మూడేళ్ల సీజన్లకి సంతకం ఎవరు పెడతారు?

స్కారో_గుమాస్తా:
మూడేళ్లకి పెట్టరు. ఒక ఆరు ఎపిసోడ్ల సీజన్‌కి పెట్టి, రెండోదానికి స్క్రిప్టు డబ్బు మాత్రం ముందే ఇస్తారు. అది మొత్తం ఖర్చులో చిన్న ముక్క, ఆగిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. డాక్టర్ కాలయంత్రం టార్డిస్ సెట్టు విప్పకుండా ఉంచాలా వద్దా అన్నదే అసలు బేరం: స్టూడియో అద్దె నెలనెలా పడుతుంది, విప్పితే మళ్లీ కట్టాలి. విరామం కావాలనేవాళ్లు ఆ అద్దె లెక్క కూడా వేసి చెప్పండి.