మొదటి స్పోర్ట్స్ బైక్: ఆర్‌సీ నాన్న పేరునా, నా పేరునా?

ఫస్ట్‌గేర్_21
అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. వయసు 21, గేర్ బండి లైసెన్స్ ఉంది, జీతం చేతికి 24,000. 155 సీసీ ఫుల్ ఫెయిరింగ్ (ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుగు ఉన్న) బండి చూశాను. ఎక్స్ షోరూం 1,85,000. షోరూంలో కూర్చునే ఫైనాన్స్ అతను 2,00,000 లోన్, 48 నెలలు, "తొమ్మిది శాతమే", ఈఎంఐ 5,667 అన్నాడు. నాకు సిబిల్ హిస్టరీ (పాత అప్పులు తీర్చిన రికార్డు) లేదు కాబట్టి బండి, లోన్ రెండూ నాన్న పేరున పెడితే త్వరగా పాసవుతుంది, ఇన్సూరెన్స్ కూడా తగ్గుతుందట. నాన్న సరే అన్నారు. ఏం చేయమంటారు?

బెజవాడ_రైడర్
నాన్న పేరున పెట్టేయ్ తమ్ముడూ. అందరూ చేసేదే.

పద్దుపుస్తకం
పేరు సంగతి తర్వాత, ముందు ఆ తొమ్మిది శాతం చూడండి. 2,00,000 మీద ఏడాదికి 18,000 చొప్పున నాలుగేళ్లకు 72,000 వడ్డీ. మొత్తం 2,72,000ని 48తో భాగిస్తే సరిగ్గా 5,667 వస్తుంది. అంటే ఇది ఫ్లాట్ రేటు. నెలనెలా అసలు తీరుతున్నా మొదటి రోజు అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది 16 శాతం వడ్డీ. బ్యాంకు 12 శాతం అంటే ఎక్కువనిపించి, ఇక్కడ తొమ్మిది అంటే సంతకం పెట్టేస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి వేసిన అసలు రేటు అదే. ఆ కాగితం చేతికి రాకుండా అడ్వాన్స్ కట్టొద్దు. లోన్ ముందే తీర్చేస్తే పడే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతో కూడా అందులోనే చూసుకోండి.

కృష్ణాతీరం
లెక్క బాగుంది గానీ హిస్టరీ లేని కుర్రాడికి 12 శాతానికి ఏ బ్యాంకు ఇస్తుంది? తండ్రికి మంచి స్కోరు ఉంటే ఆయన పేరున తక్కువ వడ్డీకి వస్తుంది. నాలుగేళ్లలో మిగిలేది చిన్న మొత్తం కాదు. ఇంట్లో పెద్దాయన పేరున బండి ఉంటే తప్పేముంది?

ఓరుగల్లు_సర్వే
ఒక అపోహ ముందు తీసేద్దాం. నాన్న పేరున పెడితే ఇన్సూరెన్స్ తగ్గుతుందన్నది నిజం కాదు. మన దగ్గర థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం) ప్రీమియం సీసీని బట్టి. కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబరు నుంచి ఇదే పద్ధతి. 2022లో ఇచ్చిన రేట్ల ప్రకారం 75 దాటి 150 సీసీ దాకా 3,851, 150 దాటి 350 దాకా 7,365, ఆపైన 15,117. దీనిమీద జీఎస్టీ. తమ్ముడి బండి 155 సీసీ, ఆ ఐదు సీసీల వల్లే రెండో శ్లాబులో పడింది. సొంత డ్యామేజీ ప్రీమియం ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ), బండి వయసు, జోన్ (రిజిస్ట్రేషన్ అయిన ప్రాంతం), ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏడాదికి వచ్చే తగ్గింపు) మీద ఆధారపడుతుంది. నడిపేవాడి వయసు 21 అయినా 51 అయినా థర్డ్ పార్టీలో రూపాయి తేడా రాదు.

డల్లాస్_తెలుగోడు
అమెరికాలో మాత్రం వయసే ముఖ్యం. పాతికేళ్లలోపు వాడికి స్పోర్ట్ బైక్ అంటే ప్రీమియం గట్టిగా పడుతుంది. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ లెక్క వేస్తున్నట్టున్నారు.

కృష్ణాతీరం
ప్రీమియం తగ్గకపోతే పోయింది. పెరగదు కదా? మరి నష్టమేంటి?

ఓరుగల్లు_సర్వే
నష్టం ఉంది. ఓనర్-డ్రైవర్‌కి తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు. అది ఆర్‌సీలో, పాలసీలో పేరుండి, లైసెన్స్ కూడా ఉన్న ఓనర్‌కి. నాన్న పేరున బండి, నడిపేది కొడుకు. రోజూ రోడ్డు మీద ఉండేవాడికి ఆ 15 లక్షలు లేవు. నాన్నకు గేర్ బండి లైసెన్స్ లేకపోతే ఆ కవర్ ఆయనకీ పనికిరాదు. అడిగి బండి తీసుకెళ్లినవాడు ఓనర్ స్థానంలో ఉన్నట్టే, అతను థర్డ్ పార్టీ కాడు అని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే థర్డ్ పార్టీ కవర్ నుంచీ రాదు.

కృష్ణాతీరం
2020లో రాంఖిలాడీ కేసు కూడా చదవండి. బండి అడిగి తీసుకెళ్లినవాడి కుటుంబానికి ఆ ఓనర్ కవర్ ఇప్పించారు. సగం చెప్పి భయపెట్టొద్దు.

ఓరుగల్లు_సర్వే
ఎంత ఇప్పించారో కూడా రాయండి. ఆ పాలసీలో ఉన్న లక్ష. మిగతా నష్టపరిహారం కొట్టేశారు. దానికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కొడుకు పేరున విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే పోయేదానికి కోర్టు మెట్లెందుకు?

కృష్ణాతీరం
అంటే విడిగా పాలసీ తీసుకుంటే సరిపోతుందని మీరే ఒప్పుకున్నారు. ఇక ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే ఏం?

రెవ్_కడప
మీ గొడవలో పడి జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) మర్చిపోయారు. ఫెయిరింగ్ బండికి అసలు విషయం అదే. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు మామూలు పాలసీ సగమే ఇస్తుంది, బండి కొన్న వారానికే పడినా అంతే. కంకర మీద ముందు చక్రం జారి కుడివైపు పడిందనుకోండి. సైడ్ ఫెయిరింగ్, బెల్లీ ప్యాన్, వైజర్, మిర్రర్ అన్నీ ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ బిల్లు 11,000 అయితే 5,500 మీ జేబులోంచి. బ్రేక్ లివర్, ఫుట్‌రెస్ట్, హ్యాండిల్ లోహం కాబట్టి మొదటి ఆరు నెలలు కోత లేదు. ఫెయిరింగ్ లేని నేకెడ్ బండి అదే చోట పడితే ఇంత ప్లాస్టిక్ ఉండదు. జీరో డెప్ తీసుకుంటే ఏడాదికి ఎన్ని క్లెయిములో పాలసీలో చూసుకోండి, చాలావాటికి రెండే. పడ్డ బండిని బీమా కంపెనీ సర్వేయర్ చూడకముందే విప్పించొద్దు.

బెజవాడ_రైడర్
జీరో డెప్ ఉన్నా క్లెయిమ్ చేస్తే ఎన్‌సీబీ పోతుంది అన్నా.

రెవ్_కడప
పోతుంది. కానీ ఎన్‌సీబీ తగ్గింపు సొంత డ్యామేజీ ప్రీమియం మీదే. అది 2,500 ఉంటే మొదటి ఏడాది 20 శాతం అంటే 500. 500 కోసం 5,500 వదులుకుంటారా?

పద్దుపుస్తకం
ఇంకో గుంట ఉంది. ఐదేళ్లకు కట్టాం కదా అని రెండో ఏడాది రెన్యువల్ మానేస్తారు. ఐదేళ్లది థర్డ్ పార్టీ మాత్రమే, సొంత డ్యామేజీ, దొంగతనం కవర్ సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది. ఈ తమ్ముడి లెక్కే తీసుకోండి. 12 ఈఎంఐలు కట్టాక అసలు బాకీ దాదాపు 1,61,000. రెండో ఏడాది ఐడీవీ 20 శాతం తరుగుతో 1,48,000. అప్పుడు బండి పోతే, పాలసీ ఉన్నా డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకే వెళ్తుంది, ఇంకో 13,000 మీరే కట్టాలి. రెన్యువల్ చేయకపోతే మొత్తం 1,61,000 మీ నెత్తిన. బండి పోతే ఇన్వాయిస్ ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ కొత్తలోనే తీసుకోండి, బండి పాతబడితే ఇవ్వరు. లేదా 36 నెలలకు మార్చండి, బాకీ ఐడీవీ కంటే ముందే తగ్గిపోతుంది.

కృష్ణాతీరం
36 నెలలైతే అదే రేటుకు ఈఎంఐ 7,000 దాటుతుంది. 24,000 జీతగాడికి చెప్పే సలహానా ఇది?

పద్దుపుస్తకం
మరి కట్టలేనివాడికి తండ్రి స్కోరు తాకట్టు పెట్టించే మీది సలహానా? కుర్రాడు రెండు ఈఎంఐలు తప్పితే బౌన్స్ ఛార్జీలు, రికవరీ ఫోన్లు పెద్దాయనకు. రేపు ఇంటి లోన్‌కో చెల్లి చదువుకో వెళ్తే ఆ మచ్చ అక్కడ కనిపిస్తుంది. ఎక్కేది ఒకరు, ఇరుక్కునేది ఇంకొకరు.

కృష్ణాతీరం
తండ్రికి మచ్చ అంటున్నారు. సరే, నేనెందుకు ఇంత పట్టు పడుతున్నానో సూటిగా చెప్తాను. ఆర్‌సీ నాన్న దగ్గర ఉంటే తాళం కూడా నాన్న దగ్గర ఉంటుంది. సైలెన్సర్ పైప్ మార్చాలన్నా, స్నేహితుడికి ఇవ్వాలన్నా, అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లాలన్నా ఇంట్లో ఒక మాట అడగాలి. ఔటర్ మీదికి బైకులను రానివ్వరని తెలిసినా సర్వీస్ రోడ్లలో స్పీడు చూసుకునేవాళ్లున్నారు. ఈ రూపాయల లెక్కల్లో ఆ అదుపు ఎవరూ వేయలేదు. నా మేనల్లుడిది సొంత పేరే, సొంత ఈఎంఐనే. ఎవరి మాటా వినేవాడు కాదు.

ఓరుగల్లు_సర్వే
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదండీ. మీ బాధ న్యాయమైనదే. కానీ ఆర్‌సీ తండ్రి పేరున ఉంటే అదుపు రాదు, బాధ్యత వస్తుంది. ఆ స్నేహితుడికి లైసెన్స్ లేదనుకోండి, వాడు ఎవరినో గుద్దాడు. ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ బాధితుడికి కట్టి, ఆ మొత్తం ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. నోటీసు వచ్చేది పెద్దాయనకు. లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చినందుకు ఓనర్ మీద కేసు వేరే. బండి వాడేవాడి పేరునే ఉంటే స్నేహితుడికి తాళం ఇచ్చేముందు వాడే రెండుసార్లు ఆలోచిస్తాడు.

కృష్ణాతీరం
తాళం విషయంలో నా మాట మారదు. తండ్రి మీదికి రికవరీ వస్తుందన్నది మాత్రం ఆలోచించాల్సిందే. అలాగైతే తండ్రిని గ్యారంటర్‌గా అయినా పెట్టండి, ఇంట్లో తెలియకుండా ఏదీ జరగదు.

పద్దుపుస్తకం
అది పనికొచ్చే దారే. గ్యారంటర్ సంతకం కూడా ఆయన సిబిల్‌లోకి ఎక్కుతుందని చెప్పి పెట్టించండి. హిస్టరీ మాత్రం తమ్ముడికి మొదలవుతుంది.

ఫస్ట్‌గేర్_21
అందరికీ థాంక్స్. నా పేరునే తీసుకుంటాను, నాన్న గ్యారంటర్. జీతం పడే బ్యాంకులో కూడా అడుగుతాను. కానీ కొటేషన్, బుకింగ్ రసీదు నాన్న పేరున ఉన్నాయి. ఇప్పుడు మార్చొచ్చా?

ఓరుగల్లు_సర్వే
ఇన్వాయిస్ కొట్టకముందే మార్పించు తమ్ముడూ. ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు) మూడింటిలో ఒకే పేరు, ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. ఒకసారి రిజిస్ట్రేషన్ అయిపోతే తర్వాత మార్పు అంటే ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫరే. ఫారం 29, 30, ఫైనాన్స్ కంపెనీ అనుమతి, పాలసీ మార్పు అన్నీ కావాలి, ఎన్‌సీబీ నీకు రాదు. పాలసీలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఇచ్చినవాళ్ల హక్కు) కింద ఏ కంపెనీ పేరు పడిందో డెలివరీ రోజే చూడు. రెండు తాళాలూ తీసుకో. దొంగతనం క్లెయిముకు రెండూ అడుగుతారు.

పద్దుపుస్తకం
లోన్ తీరిన రోజున ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో, పాలసీలో రెండు చోట్లా హైపోథికేషన్ తీయించు. చాలామంది ఆర్‌సీలో తీయించి పాలసీలో మర్చిపోతారు, తర్వాత క్లెయిమ్ డబ్బు ఆగిపోతుంది.